పరాయి సాయం ఆగాక మన ఊరి పనులకు పైసలెక్కడివి? – తరచుగా అడిగే ప్రశ్నలు

పాత పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాలో వాటర్‌షెడ్ పనితో మొదలుపెట్టి, నల్లగొండలో మహిళా సంఘాల శిక్షణల దాకా ఇరవై ఏళ్లకు పైగా ఈ పనిలోనే ఉన్నాను. శిక్షణ అయ్యాక టీ తాగుతూ సంఘం లీడర్లు, వార్డు మెంబర్లు, గ్రూప్స్‌కు చదువుకునే పిల్లలు అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఇవే. ప్రతిసారీ నోటితో చెప్పే బదులు ఒకచోట రాసిపెడితే నలుగురికీ పనికొస్తుందని రాస్తున్నాను.

విదేశీ సాయం అంటే ఊరికే ఇచ్చే డబ్బేనా?

కొంత ఊరికే ఇచ్చేది, ఎక్కువ భాగం అప్పు. ఊరికే ఇచ్చేదాన్ని గ్రాంటు అంటారు. ప్రపంచ బ్యాంకు మన పల్లె పథకాలకు ఇచ్చింది మాత్రం అప్పే. పేద దేశాల కోసం ఆ బ్యాంకు 1960లో ఐడీఏ అనే విభాగం పెట్టింది. అది చాలా తక్కువ మిత్తితో, పాతికేళ్లకు పైబడిన గడువుతో అప్పిస్తుంది. ఆ విభాగం నుంచి ఇప్పటిదాకా అందరికంటే ఎక్కువ తీసుకున్న దేశం మనదే. "ప్రపంచ బ్యాంకు నిధులతో" అని బోర్డు మీద చూసి చాలామంది అది దానం అనుకున్నారు. అప్పు అని, మనమే తీర్చాలని ఊళ్లో ఎవరూ విడమరిచి చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ పనుల మీద ఊరి కన్ను ఇంకొంచెం గట్టిగా ఉండేది.

మన జిల్లాలకు నిజంగా విదేశీ డబ్బు వచ్చిందా?

చాలానే వచ్చింది. పెద్దవాళ్లను అడిగితే బడిలో తిన్న కేర్ ఉప్మా నుంచి మొదలుపెడతారు. అమెరికా నుంచి వచ్చిన రవ్వ, పాలపొడి, నూనె డబ్బాలు. ఆ తర్వాత యూనిసెఫ్ సాయంతో రాతి నేలను తొలిచే రిగ్గులు వచ్చాయి, ఊరూరా బోరింగులు పడ్డాయి.

1995లో నెదర్లాండ్స్ సాయంతో ఏపీవెల్ అనే ప్రాజెక్టు మొదలైంది. మహబూబ్‌నగర్, నల్లగొండతో కలిపి ఏడు కరువు జిల్లాల్లో చిన్న రైతులు కొందరు కలిసి ఒక బోరు వాడుకునే పద్ధతి అది. 2003లో ముగిసింది. దాని వెనకే ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) ద్వారా వచ్చిన ఇంకో పథకంలో రైతులే వాన లెక్క, బోరులో నీటిమట్టం కొలిచి, ఈసారి ఎన్ని ఎకరాలు వరి వేయొచ్చో ఊరంతా కూర్చుని తేల్చుకున్నారు. 1999లో బ్రిటన్ ప్రభుత్వ సంస్థ డీఎఫ్‌ఐడీ గ్రాంటుతో గ్రామీణ జీవనోపాధుల పథకం ఐదు జిల్లాల్లో మొదలైంది. అందులోనూ మన రెండు జిల్లాలు ఉన్నాయి. నేను జీతం తీసుకున్న మొదటి ప్రాజెక్టు అదే.

మహబూబ్‌నగర్‌లో సంఘాల పని ఇంకా ముందే, 1990ల మధ్యలో, ఐక్యరాజ్య సమితి అభివృద్ధి సంస్థ పథకంతో మొదలైంది. 2000లో ప్రపంచ బ్యాంకు అప్పుతో "వెలుగు" వచ్చినప్పుడు మొదటి ఆరు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. తర్వాత అదే ఇందిరా క్రాంతి పథం అయింది. ఇప్పుడు మీరు వడ్లు అమ్మడానికి వెళ్లే "ఐకేపీ సెంటర్" పేరు అక్కడిదే. ప్రపంచ బ్యాంకు అప్పు ఎప్పుడో ముగిసింది. పేరు మిగిలింది, కాంటా నడుస్తోంది, నడిపేది సంఘం ఆడవాళ్లు. సాయం అయిపోయాక కూడా నిలబడ్డ పని ఏదని నన్ను అడిగితే ముందు దీన్నే చూపిస్తాను.

మరి ఇప్పుడెందుకు రావడం లేదు?

2003లో కేంద్ర ప్రభుత్వమే చిన్న దాతలకు ఇక చాలని చెప్పింది. జపాన్, బ్రిటన్, అమెరికా, జర్మనీ, రష్యా, యూరోపియన్ యూనియన్ మాత్రమే ప్రభుత్వం నుంచి ప్రభుత్వానికి సాయం చేయొచ్చని, మిగతా దేశాలు ఇవ్వదలిస్తే స్వచ్ఛంద సంస్థల ద్వారానో, ఐక్యరాజ్య సమితి ద్వారానో ఇవ్వొచ్చని అంది. మరుసటి ఏడాది ఆ నియమాన్ని కొంత సడలించింది. 2004 డిసెంబరు సునామీ అప్పుడు కూడా ముందు మన కాళ్ల మీద మనం నిలబడతామనే చెప్పింది. బ్రిటన్ 2012లో ప్రకటించి, 2015 నాటికి మన దేశానికి ఆర్థిక గ్రాంట్లు ఆపేసింది.

రెండో కారణం, మన సగటు ఆదాయం పెరిగింది. ఐడీఏ తలసరి ఆదాయం చూసి ఇస్తుంది. ఆ గీత దాటినందుకు 2014లో భారతదేశం ఆ జాబితా నుంచి బయటికి వచ్చింది. కొంత పరివర్తన సాయం 2017 వరకు నడిచింది. ఇప్పుడు మనం ఐడీఏకు చందా ఇచ్చే దేశాల్లో ఉన్నాం. సగటు మాత్రం సగటే. దేశం గీత దాటిందంటే నల్లగొండ జిల్లా మర్రిగూడలో ఫ్లోరైడ్ నీళ్లతో వంగిపోయిన నడుము నిటారైందని కాదు.

సాయం ఆగడం నష్టమా, గౌరవమా?

సాయం వెంట షరతులు ఉంటాయి. అవి మన తరాలు అనుభవించినవే.

1956 నుంచి అమెరికా పీఎల్-480 చట్టం కింద మనకు గోధుమలు ఇచ్చింది. 1965, 66లో వరసగా కరువొచ్చినప్పుడు అధ్యక్షుడు జాన్సన్ ఓడలను నెలనెలా లెక్కపెట్టి వదిలాడు. మన వ్యవసాయ విధానం, వియత్నాం మీద మన మాట, రెండూ తూకంలో పెట్టాడు. 1966 జూన్‌లో దాతల ఒత్తిడి మీద రూపాయి విలువ తగ్గించాం. డాలరు 4.76 రూపాయల నుంచి 7.50కి పోయింది. దానికి బదులుగా వస్తుందన్న సాయం ఆశించినంత రాలేదు. హరిత విప్లవం మీద దేశం అంత పట్టుదలగా దిగడానికి ఆ అవమానం కూడా ఒక కారణం.

మన రాష్ట్రంలో 1998లో ప్రపంచ బ్యాంకు అప్పుతో ఆర్థిక సంస్కరణలు మొదలయ్యాయి. కరెంటు చార్జీలు పెరిగాయి. ఆ పెంపు మీద నిరసనకు దిగినవాళ్ల మీద 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు. సంస్కరణ అవసరమా కాదా అనేది వేరే చర్చ. మన కరెంటు ధర ఎంతుండాలో వాషింగ్టన్‌లో చర్చించి ఇక్కడ అమలు చేయడం మాత్రం జనానికి మింగుడుపడలేదు.

అందుకే సాయం ఆగడం నాకు గౌరవంగానే కనిపిస్తుంది. అయితే ఆ జాగాలోకి మన పైసలు వచ్చాయా అని చూడాలి. రాకపోతే ఆ గౌరవానికి ధర కట్టేది మొదట పేదవాళ్లే.

ప్రాజెక్టు అయిపోగానే కట్టినవన్నీ ఎందుకు పాడుపడతాయి?

ఈ ప్రశ్నకు కొంచెం పెద్ద జవాబు కావాలి.

ఫ్లోరైడ్ నీళ్లను శుద్ధి చేసే ఒక పద్ధతికి మన జిల్లా పేరే ఉంది. 1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు తయారుచేసిన "నల్లగొండ టెక్నిక్" అది. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ కలిపి బాగా తిప్పి, తేర్చి, పైనీళ్లు తీసుకోవాలి. ఖరీదైన యంత్రం అక్కర్లేదు. బకెట్‌లో ఇంట్లోనూ చేయొచ్చు, ఊరికంతా కలిపి ప్లాంటూ పెట్టొచ్చు. ప్రపంచంలో ఫ్లోరైడ్ ఉన్న చాలా దేశాల పుస్తకాల్లో ఈ పేరు ఉంటుంది.

నేను పనిచేసిన ఒక ఊళ్లో అలాంటి ప్లాంటు ఉండేది. బయటి డబ్బుతో కట్టారు. మొదట్లో పటిక బస్తాలు, ఆపరేటర్ జీతం, మోటారు రిపేరు అన్నీ ప్రాజెక్టే చూసుకుంది. గడువు అయిపోయాక ప్లాంటును పంచాయతీకి అప్పజెప్పారు. ఫొటో దిగారు. పంచాయతీకి వచ్చే ఇంటి పన్ను వీధి లైట్లకే చాలేది కాదు. ముందు పటిక ఆగింది, తర్వాత ఆపరేటర్ కూలికి పోయాడు, ఆ తర్వాత మోటారు కాలింది. ఏడాది తిరిగేసరికి జనం మళ్లీ బోరు నీళ్లకే వచ్చారు. ఆ నీళ్లు తాగిన పిల్లల పళ్ల మీద మచ్చలు నేను ఇప్పటికీ చూస్తున్నాను. ఆ రోజు అప్పగింత కాగితం మీద సాక్షి సంతకం నాది కూడా. నెలకు ఎంత ఖర్చవుతుందో, అది ఎవరు పెడతారో ఆ కాగితంలో రాయించాలని నాకు తోచలేదు. ఆ బాధ నన్ను వదల్లేదు.

కట్టడం ఒక్కసారి అయ్యే ఖర్చు, నడపడం ప్రతి నెలా అయ్యేది. దాతకు మొదటిది ఇష్టం, ఎందుకంటే దాన్ని ఫొటో తీయొచ్చు. రెండోది తన దేశ ప్రజలకు చూపించుకోలేడు. అందుకే ఏ దేశమైనా, ఏ ఊరైనా సాయం నుంచి బయటపడిందా లేదా అని చూడాలంటే నేను ఒక్కటే అడుగుతాను: రిపేరు ఖర్చు ఎవరి జేబులోంచి వస్తోంది?

ఇప్పుడు మిషన్ భగీరథ ఉంది కదా, అది మన సొంత డబ్బేనా?

సొంత దేశం డబ్బు. 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో పైలాన్ ఆవిష్కరించారు. మరుసటి ఏడాది ఆగస్టులో గజ్వేల్ దగ్గర కోమటిబండలో ప్రధాని ప్రారంభించారు. దీనికి ఒక కార్పొరేషన్ పెట్టి, ప్రభుత్వ హామీతో ఇళ్ల నిర్మాణానికి అప్పిచ్చే హడ్కో, వ్యవసాయ బ్యాంకు నాబార్డు, మిగతా బ్యాంకుల నుంచి అప్పు తెచ్చారు. ఫ్లోరైడ్ ఊళ్లకు కృష్ణా నీళ్లు పైపులో రావడం చిన్న విషయం కాదు. మా తరం ఊహించని పని అది.

నా భయమల్లా రిపేరు గురించే. ఊళ్లలో ఇంటి నల్లాకు బిల్లు లేదు. అప్పు కిస్తీ, కరెంటు బిల్లు రాష్ట్ర బడ్జెట్టే మోయాలి. బడ్జెట్ బిగుసుకుంటే మొదట ఆగేది పైపులైన్ రిపేరు. పైపు పగిలిన వారం జనం మళ్లీ బోరు దగ్గరికి పోతారు. పేదవాళ్ల దగ్గర నీళ్లకు డబ్బు వసూలు చేయాలని నేను అనడం లేదు. నిర్వహణ ఖర్చు బడ్జెట్‌లో వేరే పద్దుగా ఉండాలి, ఎవరూ ముట్టుకోకూడదు అంటున్నాను.

సాయం లేకపోతే డబ్బు వచ్చే దారులేమిటి?

పన్నులు, ప్రజల పొదుపు, దాని మీద తెచ్చే అప్పు, నేల కింద దొరికే ఖనిజాల మీద వాటా, బయటికి పోయిన మనవాళ్లు పంపే డబ్బు, ప్రైవేటు పెట్టుబడి. ప్రపంచంలో ఏ దేశమైనా వీటినే కలుపుకుంటుంది. 2002లో మాంటెరేలో, 2015లో అడిస్ అబాబాలో జరిగిన ఐక్యరాజ్య సమితి సమావేశాల్లో కూడా మొదటి బాధ్యత సొంత వనరులదేనని రాసుకున్నారు. ధనిక దేశాలు తమ ఆదాయంలో 0.7 శాతం సాయంగా ఇవ్వాలని 1970లోనే అనుకున్నారు. ఆ మాట నిలబెట్టుకున్న దేశాలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

నేను ఇన్‌కం టాక్స్ కట్టను. నాకు, అభివృద్ధికి ఏం సంబంధం?

మీరు కడుతున్నారు. అంగట్లో కొన్న చెప్పులు, సెల్‌ఫోను రీచార్జి, బండిలో పోసిన పెట్రోలు, ప్లాటు రిజిస్ట్రేషను, అన్నిటిలో పన్ను ఉంది. 2017 జూలై 1 నుంచి జీఎస్టీ వచ్చాక వస్తువుల మీద వసూలయ్యేది కేంద్రం, రాష్ట్రం పంచుకుంటున్నాయి. పెట్రోలు మీద రాష్ట్రం వేసే పన్ను, మద్యం మీద పన్ను, రిజిస్ట్రేషన్లు, బండ్ల పన్ను రాష్ట్రం చేతిలోనే ఉన్నాయి. కేంద్రం వసూలు చేసే పన్నుల్లో పంచదగ్గ మొత్తంలో 41 శాతం రాష్ట్రాలకు ఇవ్వాలని, ఈ పంపకం ఎలా ఉండాలో చెప్పే 15వ ఆర్థిక సంఘం చెప్పింది. 2021-26 కాలానికి ఆ రాష్ట్రాల వాటాలో తెలంగాణకు పెట్టింది 2.102 శాతం. 14వ ఆర్థిక సంఘం కాలంలో 2.437 ఉండేది. ఈ వాటా తగ్గడానికి మన తలసరి ఆదాయం పెరగడం ఒక కారణం. ఐడీఏ జాబితా నుంచి దేశం బయటికి వచ్చినట్టే ఇది కూడా.

పన్ను సాయం జాగాలోకి ఎలా వస్తుందో చూడాలంటే మీ ఊరి బడికి వెళ్లండి. ఒకప్పుడు అక్కడ అమెరికా రవ్వ ఉడికేది. 2001 నవంబరులో సుప్రీంకోర్టు వండిన భోజనం పెట్టాలని ఆదేశించింది. మన ఉమ్మడి రాష్ట్రంలో 2003 జనవరిలో మధ్యాహ్న భోజనం మొదలైంది. 2004లో కేంద్రం పన్నుల మీద 2 శాతం విద్యా సెస్సు వేసి, ఆ డబ్బును ప్రాథమిక విద్యకు, ఈ భోజనానికి అని చెప్పింది. ఇప్పుడు ఆ పళ్లెంలో ఉన్నది మన వడ్లు, మన పన్ను. వండే అక్క సంఘం సభ్యురాలు. ఆమె బిల్లులు నెలల తరబడి ఆగితే మాత్రం కిరాణా కొట్టులో అప్పు పెట్టి వండాల్సి వస్తుంది. సొంత డబ్బుతో నడిచే పథకంలో కూడా ఆలస్యం భారం పేదమనిషి మీదికే పోతుంది. దీన్ని అడగాల్సింది మనమే. అమెరికాను అడగలేం కదా.

సర్కారు మద్యం మీదే బతుకుతోందంటారు. నిజమేనా?

పూర్తిగా కాదు గానీ, పెద్ద ఆదాయమే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఖజానా ఇబ్బంది చూపించి నిషేధం ఎత్తేశారు. సంఘంలో కూర్చున్న అమ్మ "మా ఆయన తాగితేనే పింఛను వస్తదా సార్?" అని అడిగినప్పుడు నా దగ్గర మంచి జవాబు లేదు. భూమి విలువ పెరిగిన చోట పన్ను సరిగ్గా వేయలేని ప్రభుత్వం తాగేవాడి జేబు వెతుకుతుందని నా అభిప్రాయం. హైదరాబాద్ చుట్టూ ఎకరం కోట్లకు పోతోంది. ఆ లాభంలో ఊరి బడికి వచ్చేదెంత?

రాష్ట్రం నేరుగా విదేశాల నుంచి అప్పు తేవచ్చా?

తేకూడదు. రాజ్యాంగం 293వ అధికరణ ప్రకారం రాష్ట్రాలు దేశం లోపలే అప్పు తీసుకోవాలి. ప్రపంచ బ్యాంకు, జపాన్ సంస్థ జైకా డబ్బు కేంద్రం ద్వారానే వస్తుంది. 2005 నుంచి ఆ అప్పు ఏ షరతుల మీద వచ్చిందో అవే షరతులతో రాష్ట్రానికి ఇస్తున్నారు. డాలరు పెరిగితే ఆ భారం రాష్ట్రానిదే.

మరి రాష్ట్రానికి అప్పిచ్చేది ఎవరు?

మీరే. రిజర్వు బ్యాంకు సాధారణంగా మంగళవారాల్లో రాష్ట్రాల బాండ్లు, అంటే అప్పు పత్రాలు, వేలం వేస్తుంది. కొనేది బ్యాంకులు, ఎల్‌ఐసీ, పీఎఫ్ సంస్థలు. మీ పాలసీ ప్రీమియం, మీ అబ్బాయి పీఎఫ్, సంఘం ఖాతాలో నిల్వ, ఇవన్నీ కలిసి తిరిగి తిరిగి సర్కారు అప్పు అవుతాయి. 2021 నవంబరు నుంచి మామూలు మనిషి కూడా రిజర్వు బ్యాంకులో ఖాతా తెరిచి ఈ బాండ్లు నేరుగా కొనుక్కోవచ్చు.

ఇది కాక కార్పొరేషన్ల పేరుతో తెచ్చే అప్పులు ఉన్నాయి. మిషన్ భగీరథ అలాంటిదే. దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి విద్యుత్ కేంద్రానికి కూడా విద్యుత్ రంగ ఆర్థిక సంస్థల అప్పే ఆధారం. ఇవి బడ్జెట్ పుస్తకంలో సరిగ్గా కనిపించేవి కావు. 2022లో కేంద్రం ఇలాంటి వాటినీ రాష్ట్రం అప్పు పరిమితిలో కలిపి లెక్కపెట్టింది. దాని మీద పెద్ద గొడవే జరిగింది. రాష్ట్రాల మీద ఇలా ఉన్నట్టుండి కత్తెర వేయడం అన్యాయమే. కానీ అప్పు ఎవరి పేరున ఉన్నా తీర్చేది జనమే కాబట్టి అది జనానికి కనిపించాలి.

అప్పు తేవడం తప్పా?

తప్పు కాదు. నాగార్జునసాగర్ శంకుస్థాపన 1955 డిసెంబరు 10న జరిగింది, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఆ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు ఇన్నేళ్లు పండిన పంట చూస్తే దాని మీద పెట్టిన ప్రతి రూపాయి ఎన్నో రెట్లు తిరిగొచ్చింది.

అప్పు చేదెక్కేది పని ఆలస్యమైనప్పుడు. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకు 2015 జూన్ 11న కరివెనలో శంకుస్థాపన చేశారు. అప్పటి అంచనా రూ.35,200 కోట్లు. మొదటి పంపు 2023 సెప్టెంబరు 16న నార్లాపూర్‌లో తిరిగింది, పొలానికి నీళ్లు పారాల్సిన కాలువలు అప్పటికి మిగిలే ఉన్నాయి. శ్రీశైలం ఎడమగట్టు సొరంగం దాదాపు 44 కిలోమీటర్లు. దశాబ్దాలుగా నల్లగొండ ఎదురుచూస్తున్న నీళ్లు అవి. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు పైకప్పు కూలి 8 మంది చిక్కుకుపోయారు. ఎక్కడెక్కడి రాష్ట్రాల నుంచో పనికి వచ్చినవాళ్లు. వాళ్ల ఇళ్లకు జరిగిన నష్టం ఏ లెక్కలోకీ రాదు. డబ్బు లెక్కకే వస్తే, నీళ్లు రాకముందే మిత్తి కట్టడం అంటే ఇదే. మన జిల్లాలకు ఇది పాత గాయం.

సంఘాల పొదుపుకు, దేశం అప్పుకు పోలికేమిటి?

చాలా ఉంది. నాకు ఆర్థిక శాస్త్రం నేర్పింది సంఘం మీటింగులే.

దూబగుంట ఉద్యమం తర్వాత ఆడవాళ్లు రోజుకు రూపాయి పొదుపు మొదలుపెట్టారు. 1992లోనే నాబార్డు దేశంలో 500 సంఘాలను బ్యాంకులతో కలిపే ప్రయోగం చేసింది. వెలుగు వచ్చాక విదేశీ డబ్బు చేసిన పని చూడండి. పుస్తకాలు రాయడం నేర్పింది, సమాఖ్య పెట్టించింది, సామాజిక పెట్టుబడి నిధి (సీఐఎఫ్) పేరుతో కొంత విత్తనం డబ్బు ఇచ్చింది. మిగతాదంతా సంఘం సొంత పొదుపు, దాన్ని చూసి బ్యాంకు ఇచ్చిన అప్పు. ఆ సీఐఎఫ్ కొన్ని ఊళ్లలో ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. ఒకరు గేదె కొని తీర్చితే ఇంకొకరు కుట్టు మిషను కొంటారు. 2011లో స్త్రీనిధి వచ్చి అత్యవసర అప్పు కూడా సంఘాల సొంత సంస్థ నుంచే దొరికింది.

వెలుగు నడిచిన ఏళ్లలోనే, చిన్న అప్పులిచ్చే ప్రైవేటు మైక్రోఫైనాన్స్ వాళ్లు వారం వారం కిస్తీలతో ఊళ్ల మీద పడ్డారు. ఒకే ఇంటికి నాలుగు కంపెనీల అప్పు. టెన్షన్ భరించలేక ఊరొదిలినవాళ్లు, ప్రాణాలు తీసుకున్నవాళ్లు ఉన్నారు. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి అడ్డుకట్ట వేసింది.

రెండింటిలోనూ తెచ్చింది అప్పే. మొదటిదాంట్లో పొదుపు ముందు, అప్పు తర్వాత. ఎంత తీసుకోవాలో సంఘం కూర్చుని తేల్చింది, పుస్తకం అందరి ముందు తెరిచింది. రెండోదాంట్లో ఇచ్చేవాడి టార్గెట్ ముందు, ఇంటి పరిస్థితి తర్వాత. దేశాల కథలు కూడా ఈ రెండు దారుల్లోనే నడుస్తాయి.

వేరే దేశాలు ఏం చేశాయి?

ఘనా కథ మనవాళ్లు తప్పకుండా తెలుసుకోవాలి. 2017లో అధ్యక్షుడైన అకుఫో-అడో "సాయాన్ని దాటిన ఘనా" అనే నినాదం ఎత్తుకున్నాడు. మన వనరులతో మనమే బతుకుదాం అన్నాడు. మాట బంగారం లాంటిది. కానీ ఘనా, పక్కనున్న ఐవరీ కోస్ట్ కలిసి ప్రపంచ కోకోలో సగానికి పైగా పండిస్తున్నా, ఎక్కువగా అమ్మేది గింజలే. చాక్లెట్ లాభం యూరప్‌ది. మన బత్తాయి లారీ ఎక్కి పోయి, రసం డబ్బాలో తిరిగొచ్చినట్టు. పన్ను రాబడి చాలక విదేశీ మార్కెట్లో డాలరు బాండ్లు అమ్మి అప్పు చేశారు. కరోనా వచ్చింది, ప్రపంచమంతా వడ్డీలు పెరిగాయి. 2022 డిసెంబరులో విదేశీ అప్పులు చాలావాటికి కిస్తీలు ఆపేశారు. ఆ నెలలో ధరలు ఏడాది కిందటి కంటే 54 శాతం ఎక్కువ. దేశం లోపలి బాండ్ల మీద కూడా వడ్డీ తగ్గించి, గడువు పెంచారు. జీవితమంతా దాచుకున్నది అందులో పెట్టిన రిటైరైన పెద్దలు ఆర్థిక శాఖ ఆఫీసు ముందు కూర్చుని నిరసన చేశారు. 2023 మేలో అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) 300 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. సాయం వద్దనుకున్న దేశం మళ్లీ షరతుల దగ్గరికే వచ్చింది. దాతకు బదులు బాండ్ల వ్యాపారి వస్తే అది స్వతంత్రం కాదు.

బంగ్లాదేశ్‌లో పద్మా వంతెనకు ఇస్తామన్న 120 కోట్ల డాలర్ల అప్పును అవినీతి ఆరోపణతో ప్రపంచ బ్యాంకు 2012లో రద్దు చేసింది. సొంత బడ్జెట్‌తో కట్టి 2022 జూన్ 25న తెరిచారు. ఇథియోపియా నైలు మీద పెద్ద ఆనకట్టను 2011లో మొదలుపెట్టి, ఉద్యోగులకు, ప్రజలకు బాండ్లు అమ్మి, 2025 సెప్టెంబరులో ప్రారంభించింది. యుద్ధంలో బూడిదై సాయం మీద బతికిన దక్షిణ కొరియా 2010 నాటికి సాయం ఇచ్చే దేశాల కమిటీలో కూర్చుంది. వాళ్లు భూసంస్కరణ చేశారు, బడులు పెట్టారు, వస్తువు తయారుచేసి అమ్మారు. సాయం వచ్చిన కాలాన్ని దానికి వాడుకున్నారు.

వలస పోయినవాళ్లు పంపే డబ్బు అభివృద్ధి కాదా?

పాలమూరు లేబర్ దేశమంతా డ్యాములు, రోడ్లు కట్టారు. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, ముసలివాళ్లను, పిల్లలను ఇంటి దగ్గర వదిలి పోయారు. నారాయణపేట, మక్తల్, కొడంగల్ వైపు బొంబాయి వలస ఇప్పటికీ ఉంది. వాళ్లు పంపిన డబ్బుతో ఇంటికి స్లాబు పడింది, ఆడపిల్ల పెళ్లయింది. ఆ డబ్బు ఇంటిని నిలబెట్టగలదు. ఊరికి చెరువు, ఆసుపత్రి కట్టమని దాన్ని అడగకూడదు. చెమటోడ్చినవాళ్ల మీద సర్కారు బాధ్యత మోపినట్టవుతుంది.

సిమెంట్ ఫ్యాక్టరీలు ఉన్న మండలాలకు వేరే డబ్బు వస్తుందంటారు?

వస్తుంది, చాలామందికి తెలియదు. 2015లో గనుల చట్టం సవరించి ప్రతి గనుల జిల్లాలో జిల్లా ఖనిజ ఫౌండేషన్ పెట్టారు. సున్నపురాయి తవ్వేవాళ్లు ప్రభుత్వానికి కట్టే రాయల్టీ కాక, పాత లీజులైతే దానిలో 30 శాతం, వేలంలో వచ్చిన కొత్త లీజులైతే 10 శాతం ఈ ఫౌండేషన్‌కు కట్టాలి. తాగునీరు, వైద్యం, చదువు లాంటి వాటికి, గని ప్రభావం పడ్డ ఊళ్లకే ముందు ఖర్చు పెట్టాలి. దుమ్ము పీల్చే ఊరిని వదిలి జిల్లా కేంద్రంలో రంగులు వేయడానికి ఈ డబ్బు పోతే గ్రామసభలో తీర్మానం చేసి కలెక్టరుకు పంపండి.

కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద పెట్టాలి. మంచిదే, కానీ ఏం చేయాలో కంపెనీయే నిర్ణయిస్తుంది. దాని మీద ఊరి భవిష్యత్తు కట్టుకోవద్దు.

విదేశీ నిధుల మీద నడిచే స్వచ్ఛంద సంస్థల సంగతేమిటి?

2020లో విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) సవరణ తర్వాత విదేశీ విరాళం ఢిల్లీలోని ఒకే ఎస్‌బీఐ శాఖలోకి రావాలి, ఒక సంస్థ ఇంకో సంస్థకు ఇవ్వకూడదు, ఆఫీసు ఖర్చు 20 శాతం దాటకూడదు. పెద్ద సంస్థ ద్వారా డబ్బు అందుకునే మండల స్థాయి చిన్న సంస్థలు దీంతో చాలా దెబ్బతిన్నాయి. వికలాంగులతో, బాలకార్మికులతో పనిచేసిన మంచి మనుషులు పని వదిలేయడం నేను చూశాను. లెక్క అడగడం సరైనదే. చిన్నవాళ్ల ఊపిరి తీయడం సరైనది కాదు.

మన దగ్గరే పేదరికం ఉంటే వేరే దేశాలకు ఎందుకు ఇస్తున్నాం?

1964 నుంచి ఐటెక్ పేరుతో వేరే దేశాల అధికారులకు మనం శిక్షణ ఇస్తున్నాం. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని గ్రామీణాభివృద్ధి సంస్థకు అలా వచ్చేవాళ్లు ఉన్నారు. 2022లో శ్రీలంక కుదేలైనప్పుడు దాదాపు 400 కోట్ల డాలర్ల మేర ఆదుకున్నాం, అందులో ఎక్కువ భాగం అప్పే. ఇది దానం మాత్రమే కాదు, పొరుగు సంబంధం, వ్యాపారం కూడా. ఒకసారి ఆఫ్రికా నుంచి వచ్చిన బృందం మా సంఘం మీటింగులో కూర్చుంది. పుస్తకం ఎలా రాస్తారని అడిగారు. ఏడో తరగతి చదివిన మా బుక్‌కీపరమ్మ గంటసేపు వివరించింది. ఆ రోజు ఆమె ముఖంలో వెలుగు నాకు ఇంకా గుర్తుంది.

2025లో అమెరికా సాయం సంస్థ మూతపడింది. మనకు దెబ్బేనా?

మన ఊళ్లకు నేరుగా పెద్ద తేడా లేదు, క్షయ, హెచ్‌ఐవీ లాంటి కొన్ని కార్యక్రమాలకు తగిలింది. ఆఫ్రికాలో మందుల మీద బతికే లక్షల మందికి మాత్రం ఇది ప్రాణాల మీదికి వచ్చిన విషయం. సాయం నుంచి బయటపడాలి అనేవాడు కూడా ఇలా రాత్రికి రాత్రి తెగ్గొట్టడాన్ని సమర్థించలేడు.

మేం పంచాయతీలో ఉన్నాం. రేపు పొద్దున్న ఏం చేయాలి?

ముందు మీ ఊరి ఆదాయం తెలుసుకోండి. ఇంటి పన్ను ఎంత రావాలి, ఎంత వచ్చింది, ఆర్థిక సంఘం నిధులు ఎంత వచ్చాయి. పంచాయతీల లెక్కలు చూపించే ఈ-గ్రామ్‌స్వరాజ్ వెబ్‌సైటులో ఊరి పేరు కొడితే ఫోన్లోనే కొంత కనిపిస్తుంది. 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే వాడాలనే నియమం ఉండేది, అది అలాగే ఖర్చయిందో లేదో చూడండి. 2024 ఫిబ్రవరి నుంచి ఎన్నికైన పాలకవర్గాలు లేక మన ఊళ్లకు ఆ నిధులు ఆగిన సంగతి మీకు తెలిసిందే. ట్రాక్టరు డీజిలుకు కూడా కార్యదర్శులు సొంత జేబులో పెట్టుకున్న రోజులవి.

2018 పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టమంటోంది. ఉపాధి హామీలో సామాజిక తనిఖీ మొదలైనప్పుడు మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు, చదివి వినిపిస్తుంటే చనిపోయినవాళ్ల పేర్లు బయటపడ్డాయి. మిగతా ఖర్చులు కూడా అలాగే చదివించండి. చెప్పకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. పంచాయతీకి పెడితే ఫీజు లేదు, మండలానికి 5 రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి.

తర్వాత ఒక చిన్న పట్టిక రాయండి. ఊళ్లో ఉన్న మోటార్లు, ట్యాంకులు, వీధి లైట్లు, బడి మరుగుదొడ్లు, ఒక్కోదానికి ఏడాదికి అయ్యే రిపేరు ఖర్చు, పక్కన అది ఎవరు పెడుతున్నారో. కొత్త పని ఎవరు తెచ్చినా, ఎమ్మెల్యే కానీ కంపెనీ కానీ, ఆ పట్టికలో కొత్త వరస నింపాకే తీర్మానం మీద సంతకం చేయండి.